ఓనరు ఎత్తిన చెయ్యి

షామ్ షుయ్ పో,
మార్చి నెల

గాన్ అన్నకు,

నీ తమ్ముడు ఫంగ్ యావ్ చోయ్ రాస్తున్నాను. బతికే ఉన్నాను. సినిమావాళ్ళకి ఆ సంగతి ఇంకా తెలియదు, నువ్వు చెప్పకు.

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ నీకు ఫోన్ చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నీ చేపల కొట్టు పక్కన ఉన్న మందుల షాపువాడు నిన్ను కేకేసి పిలుస్తాడు, నువ్వు వచ్చి "ఎవరు? ఏంటి? వినపడట్లేదు!" అని అరిచి పెట్టేస్తావు. అందుకని ఉత్తరం.

ఈమధ్య ఒక సినిమా చేశాను. అందులో హీరో తండ్రి చచ్చిపోతాడు. శవపేటిక మోసే నలుగురిలో నేను మూడోవాణ్ణి. శవం వేషం ఇమ్మని అడిగాను, కనీసం పడుకోవచ్చు కదా అని. డైరెక్టరు కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "వద్దు పెద్దాయనా, మీరు పేటికలో ఉంటే జనం నవ్వుతారు" అన్నాడు. చావులో కూడా ఎవరూ నమ్మని ముఖం నాది.

అసలు విషయం. మన పాత టీవీవాళ్ళు వార్షికోత్సవం చేస్తున్నారు. చంద్రుడి పండగ వెళ్ళాక, నవంబరులో. మొదటి రోజుల్లో చేసినవాళ్ళందర్నీ పిలుస్తున్నారు. మనల్ని మన ఐదు నిమిషాల హాస్యం "ఓనరు – అద్దెవాడు" చెయ్యమన్నారు. అప్పట్లోలాగే లైవ్. నువ్వు అద్దె అడుగుతావు, నేను కథలు చెబుతాను, నువ్వు లాగి ఒకటిస్తావు, నేను పడతాను. అంతే. ఈ ఊళ్ళో నలభై దాటిన వాళ్ళెవరూ దాన్ని మర్చిపోలేదన్నా.

నన్ను టీవీలోకి ఎలా తీసుకున్నారో గుర్తుందా? వంటనూనె ప్రకటనలో డబ్బా పట్టుకోవడానికి. లైట్ల వేడికి చేతులు చెమటలు పట్టి డబ్బా జారి నా కాలి మీదే పడింది. "అమ్మో!" అన్నాను. మర్నాడు జనం కొట్లకెళ్ళి "అమ్మో నూనె ఉందా" అని అడిగారట. డైరెక్టరు వెంటనే, "వీడికి దెబ్బ తగిలితే జనం సంతోషిస్తున్నారు, వీణ్ణి కొట్టడానికి ఎవరినైనా వెతకండి" అన్నాడు. నాటకాల కంపెనీలో సేనాపతి వేషాలు వేసుకుంటున్న నిన్ను పట్టుకొచ్చారు. అలా మొదలైంది నా కళాసేవ.

వస్తావు కదూ?

నీ తమ్ముడు,
చోయ్


చ్యుంగ్ చావ్ దీవి,
బన్నుల పండగ వారం

ఒరేయ్ చోయ్,

రాను.

ఒక్క మాటతో సరిపెడదామనుకున్నాను. కానీ ఈ వారం దీవంతా మాంసం ముట్టదు. చేపల కొట్టు మూసుకుని ఊరికే కూర్చున్నాను. అందుకని ఇంకాస్త రాస్తున్నాను. నాకు వచ్చిన అక్షరాలన్నీ నాటకాల పుస్తకాల్లో నేర్చుకున్నవే. ఉత్తరం యుద్ధానికి కబురు పంపినట్టుంటే అది నా తప్పు కాదు.

జనం మర్చిపోలేదన్నావు. నిజమే, నన్నూ మర్చిపోలేదు. నువ్వు దెబ్బ తిన్నావు, నీకు బుట్టలకొద్దీ నారింజలు పంపారు. నేను కొట్టాను, నా మీద ఉమ్మారు. మీ వదిన బజారుకి పోతే కూరలమ్మి ఏమనేదో నీకెప్పుడూ చెప్పలేదు. "ఆ అమాయకుణ్ణి వారం వారం కొట్టే రాక్షసుడి పెళ్ళానివి నువ్వేనా?" అని వాడిపోయిన ఆకుకూర చేతిలో పెట్టేది. మీ వదిన అదే తెచ్చి వండేది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు మళ్ళీ ఆ ఓనరు కోటు వేసుకోమంటావా?

ఇంకోటి. పోయిన నెల నిన్ను టీవీలో చూశాను. ఆ పిల్ల ఎవరో నిన్ను ప్రశ్నలడిగింది. నీ ముఖం తొక్కేసిన ఆవిరి రొట్టెలా ఉంటుందన్నావు. మీ అమ్మ మంత్రసానిని "ఇంకోటి లేదా?" అని అడిగిందన్నావు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది. మందుల షాపువాడూ నవ్వాడు. నేను లేచి వచ్చేశాను. మీ అమ్మ నాకు తెలుసు. ఆవిడ అలా అనే మనిషి కాదు.

నాటకాల్లో నేను నలభై ఏళ్ళున్నాను. ఇంకొకడు ఎగతాళి చేస్తే పడి లేచేవాడు నటుడు. ఎవరూ అడక్కముందే తన్ను తాను తిట్టుకునేవాడు క్షమాపణ చెప్పుకుంటున్నట్టుంటుంది. నువ్వేం తప్పు చేశావురా?

మోక్ గాన్


షామ్ షుయ్ పో,
జూన్

అన్నా,

నీ ఉత్తరం చదివి లాయ్ క్వాన్ "బావగారు సరిగ్గానే రాశారు" అంది. ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేసింది, ఒక్కసారైనా నా వైపు మాట్లాడలేదు. ఆవిణ్ణి కూడా కొట్టే వేషానికి తీసుకోవాల్సింది.

వదిన సంగతి నాకు తెలియదు. తెలిసుంటే ఆ కూరలమ్మి దగ్గరికి వెళ్ళి, "అమ్మా, ఆయన కొడితేనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది" అని చెప్పేవాణ్ణి. నిజంగా.

నా తప్పేంటని అడిగావు. తప్పేం లేదన్నా. ఈ ముఖం నాతోనే పుట్టింది. బడిలో అన్నారు, రేవులో మూటలు మోసినప్పుడు అన్నారు, లాయ్ క్వాన్ వాళ్ళ నాన్న పెళ్ళిచూపుల్లో నా ముందే అన్నాడు. ముందుగా నేనే అనేస్తే వాళ్ళకి అనడానికేం మిగలదని ఒకరోజు తెలిసొచ్చింది. పైగా నవ్వుతారు. నవ్వేవాడు మనల్ని కొట్టడు. నువ్వు తప్ప!

నువ్వు సేనాపతివి. నిన్ను చూసి ఎవరూ నవ్వలేదు, నువ్వు నవ్వనివ్వలేదు. అందుకే నీకు అర్థం కాదు.

రెండేళ్ళుగా పెద్ద వేషాలు లేవు. ఉన్నవి కూడా నేనే పాడుచేసుకుంటున్నాను. మొన్న ఒక నిర్మాత ఆఫీసుకెళ్ళి, గుమ్మం పక్కన నిలబడ్డ ఆయనకి నడుం వంచి నమస్కారం పెట్టి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, పిల్లల గురించి కూడా అడిగాను. తీరా చూస్తే అది కోట్లు తగిలించే కొయ్య! ఆఫీసంతా పడి పడి నవ్వింది. మంచి నటన అన్నారు. ఇంట్లో టీ గిన్నెలో సోయా సాస్ పోసుకుని తాగాను. ఫలహారశాలలో ఎవరో ఆవిణ్ణి లాయ్ క్వాన్ అనుకుని చెయ్యి పట్టుకున్నాను, ఆవిడ చేతిసంచీతో కొట్టింది. నీ అంత బాగా కొట్టలేదులే. ఇవన్నీ చెబితే లాయ్ క్వాన్ మాత్రం నవ్వకుండా లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ ఒక్క రాత్రి రా అన్నా. ఆ లైట్ల కింద ఒకసారి నిలబడాలి. ఇంకేం అడగను.

చోయ్


చ్యుంగ్ చావ్,
తుఫాను జెండా ఎగరేసిన రోజు

చోయ్,

కోట్ల కొయ్యకి దండం పెట్టానని నన్ను నవ్వించడానికి రాశావు. నాకు నవ్వు రాలేదు.

ఏ కన్ను?

మా కంపెనీలో లూక్ అని ఒకడుండేవాడు. పిల్లిమొగ్గలేసేవాడు. మూడు బల్లల ఎత్తు నుంచి వెనక్కి దూకేవాడు. ఒక ఏడాది వాడు మాటిమాటికీ గ్లాసు పక్కన నీళ్ళు పోసేవాడు. మేం నవ్వేవాళ్ళం. వాడూ నవ్వేవాడు. ఆ తర్వాత ఒకరోజు బల్ల అంచు ఎక్కడుందో వాడికి తెలియలేదు.

నాకు ఒక్క ఉత్తరం రాయి. అందులో ఒక్క వేళాకోళం కూడా ఉండకూడదు. నీకు చేతనైతే.

గాన్


షామ్ షుయ్ పో,
జూలై

అన్నా,

ఎడమ కన్ను ఏప్రిల్ వెళ్ళకముందే పోయింది. నల్ల తెర కిందికి దిగినట్టయింది, అంతే. నొప్పి లేదు. కుడి కంటిలో లోపలి పొర చిరిగింది. ఆస్పత్రిలో అతికించారు. బరువు ఎత్తకూడదు, గబుక్కున వంగకూడదు, తలకి ఏ దెబ్బా తగలకూడదు అన్నారు. తగిలితే అదీ ఆ క్షణమే పోతుంది. తగలకపోయినా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నారు. ఏడాది అన్నాడు ఒకాయన. ఇంకొకాయన అంత కూడా అనలేదు.

డాక్టరు నన్ను "మీరు బాక్సింగ్ చేసేవారా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి ఇన్నేళ్ళు తలకి ఇన్ని దెబ్బలు ఎలా తగిలాయి?" అన్నాడు. హాస్యం చేసేవాణ్ణని చెప్పాను. ఇది వేళాకోళం కాదన్నా. జరిగిందే రాస్తున్నాను.

ఇది నీకు చెప్పకూడదనే అనుకున్నాను. చెబితే నువ్వు ఏ లెక్క వేసుకుంటావో నాకు తెలుసు. వేసుకోవద్దు. అది నేను అడిగి తిన్న దెబ్బ. ఆ దెబ్బే లేకపోతే నేను ఇప్పటికీ రేవులో మూటలు మోస్తూ ఉండేవాణ్ణి.

చూపు ఉండగా ఒకసారి ఆ కెమెరా ముందు నిలబడాలనుంది. సినిమాల్లో నేను ఎవరో ఒకరి పక్కన ఉన్నాను. టీవీలో ఆ ఐదు నిమిషాలే నావి. అవి నీతో కలిసి చేసినవి.

చోయ్


చ్యుంగ్ చావ్,
ఆగస్టు, ప్రేతాల నెల

చోయ్,

వస్తాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని చాలాసేపు రేవు గట్టు మీద కూర్చున్నాను. లెక్క వేసుకోవద్దన్నావు. అది నువ్వు చెబితే ఆగేది కాదు. ఆ సంగతి వదిలెయ్. నాకు రాయడం రాదు, వచ్చినా రాయను.

ఒక షరతు. నాటకం పద్ధతిలో చేద్దాం, టీవీ పద్ధతిలో కాదు. నీకు మొదటి వారం నేర్పింది అదే. దెబ్బ నడిపేది తినేవాడు. వాడు కాలు నేలకి రాసి అరడుగు వెనక్కి వేస్తాడు, అదే సైగ. అది చూశాకే కొట్టేవాడి చెయ్యి కదలాలి. చెయ్యి ముక్కు ముందు నుంచి గాలిలో పోతుంది. దెబ్బ తిన్నవాడు తన తొడ మీద తనే చరుచుకుంటాడు. జనానికి చప్పుడు వినిపిస్తుంది, ముఖానికి గాలి తప్ప ఏమీ తగలదు. మా కంపెనీలో పదేళ్ళ పాటు ఒకే మనిషిని రోజూ కొట్టాను, వాడికి గీత పడలేదు.

టీవీలో ఆ మైకు ఎక్కడో నెత్తిన వేలాడేది. తొడ చప్పుడు దానికి అందేది కాదు. "చప్పుడు రావట్లేదయ్యా, నిజంగా కొట్టు" అన్నాడు డైరెక్టరు. నువ్వు నా వైపు చూసి "కొట్టన్నా, ఏం కాదు" అన్నావు. ఇద్దరం కుర్రాళ్ళమే.

ఇప్పుడు మంచి మైకులున్నాయట. తొడ చప్పుడు సరిపోతుంది. సరే అంటేనే వస్తాను.

సాధన మొదలుపెట్టాను. పొద్దున్నే కొట్టు ముందు దూలానికి ఎండుచేప ఒకటి వేలాడదీసి కొడుతున్నాను. చేప తోక కదలకూడదు. పక్కింటి ముసల్ది చూసి, "ఏం మోక్, ఆ చేప నిన్నేమన్నా అందా?" అని అడిగింది. చచ్చిన చేపతో గొడవేంటని దీవంతా అనుకుంటున్నారు.

గాన్


షామ్ షుయ్ పో,
అక్టోబరు

అన్నా! అన్నా! అన్నా!

నువ్వు వస్తున్నావని చెప్పగానే టీవీ ఆఫీసులో నాకు కుర్చీ వేశారు. అంతకుముందు నిలబెట్టి మాట్లాడారు. నీ పాత ఓనరు కోటు వాళ్ళ దగ్గర లేదట. కొత్తది కుట్టిస్తున్నారు. నా చిరుగుల చొక్కా కూడా కొత్తగా కుట్టి, మళ్ళీ వాళ్ళే చింపుతున్నారు.

ఆ కార్యక్రమం చూసుకునే పిల్లవాడు, "నిజంగానే కొడతారు కదా పెద్దాయనా? జనం అదే గుర్తుపెట్టుకున్నారు" అన్నాడు. "నిజంగానే" అని చెప్పాను, అబద్ధం చెబితే నాకేం పోయింది. కన్ను సంగతి వాళ్ళకి తెలియదు. తెలిస్తే రానివ్వరు. నువ్వూ అనకు.

నీ షరతు సరే. సైగ చేస్తాను, అరడుగు వెనక్కి వేస్తాను, తొడ చరుచుకుంటాను. తొడ మీద కాస్త కండ మిగిలుంటే చప్పుడొస్తుంది. లేకపోతే కర్ర మీద కర్ర కొట్టినట్టుంటుంది.

రిహార్సల్ వద్దన్నా. మనం ఎప్పుడు చేశాం గనక? అప్పట్లో "తిన్నావా?" అంటే "తిన్నాను" అనుకుని నేరుగా లైట్ల కిందికి నడిచేవాళ్ళం. అలాగే చేద్దాం.

ఈ కంటితో దీనికి ఒప్పుకున్నానని లాయ్ క్వాన్ నాతో మాట్లాడటం మానేసింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. అలవాటు చేసుకుంటున్నాను.

చోయ్


షామ్ షుయ్ పో,
నవంబరు, కార్యక్రమం మర్నాడు

మోక్ గాన్,

ఏం చేశావు నువ్వు?

"అద్దె ఏదిరా?" అని నువ్వు గర్జించగానే జనం ఈలలేశారు. నేను చెప్పిన కథలకి నవ్వారు. ఆ నవ్వు విని నాకు ఒళ్ళు పులకరించింది. అంతా సరిగ్గా నడుస్తోంది. నువ్వు చెయ్యి ఎత్తావు. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దం కోసమే కదన్నా నేను ఏడాదంతా బతికింది!

చెయ్యి అక్కడే ఆగిపోయింది. రోడ్డు మీద పోలీసు బండ్లు ఆపినట్టు నిలబడ్డావు. తర్వాత చెయ్యి దించేసి నన్ను చూసి, "ఒరేయ్... తిన్నావా?" అన్నావు. అలా ఎలా అన్నావు? సేనాపతి గొంతు కాదు, ఓనరు గొంతు కాదు. దెబ్బ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఒక్కసారి పగలబడి నవ్వారు. ఆ నవ్వుల్లోనే నువ్వు అక్కడే నేల మీద కూలబడ్డావు. కోటు చంక దగ్గర చిరిగింది. కుర్చీలు చరిచి మరీ నవ్వారు.

నిన్ను చూసి! నన్ను చూసి కాదు. నేను గుంజలా నిలబడ్డాను. పడటానికి నాకు చోటు లేదు. నా బతుకులో ఒక్క పనే చేతనైంది నాకు, దెబ్బ తిని పడటం. దాన్ని నువ్వు లాక్కున్నావు.

నేనేం చేశానో నువ్వు చూశావని నాకు తెలుసు. అవును, కాలు వెనక్కి వెయ్యలేదు. ముందుకే వేశాను. ఎలాగూ పోయే కన్ను. పోతే అక్కడ పోనీ అనుకున్నాను, ఆ లైట్ల కింద, జనం నవ్వుతుండగా. ఆస్పత్రి మంచం మీద కాదు, స్నానాల గదిలో కాదు. అది నా ఇష్టం. నిన్నెవరు అడ్డం పడమన్నారు?

ఇక నాకు రాయొద్దు.

ఫంగ్ యావ్ చోయ్


చ్యుంగ్ చావ్,
నవంబరు

చోయ్,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. నువ్వు చెబితే వినేవాణ్ణయితే నిన్ను కొట్టడానికి నన్ను పెట్టుకునేవారు కాదు.

నీ దగ్గర ఒకటి దాచాను. పోయిన ఏడాది చలికాలం నాకు ఒక పక్క పడిపోయింది. కాలు తిరిగొచ్చింది. కుడి చెయ్యి వచ్చినట్టే ఉంటుంది కానీ ఆగమన్న చోట ఆగదు. గిన్నె పట్టుకుంటే ఒలుకుతుంది. నీకు రాసే ఉత్తరాలు ఎడమ చేత్తో కాగితం అదిమి, కుడి చేత్తో పొద్దంతా రాస్తాను. చెబితే నువ్వు వేరే ఎవరినైనా పెట్టుకుంటావనుకున్నాను. ఆ వేరేవాడు నిజంగా కొడతాడని భయం. చెప్పడానికి సిగ్గూ వేసింది. సేనాపతి చెయ్యి కదా.

అందుకని ఎడమ చేత్తో సాధన చేశాను. ఆ చేప మీద కొట్టిందంతా ఎడమ చేత్తోనే. ఆఖరికి తోక కదలకుండా కొట్టగలిగాను. ఆ పొద్దున దీవి నుంచి లాంచీ ఎక్కినప్పుడు చాలా గర్వంగా ఉంది నాకు.

ఎండుచేపని ఏ పక్క కొట్టినా ఒకటేరా. మనిషికి రెండు పక్కలు. లైట్ల కింద ఎడమ చెయ్యి ఎత్తాక, అప్పుడు కనిపించింది నాకు. కుడి చెయ్యి పోయేది నీ పోయిన కన్ను వైపు. ఎడమ చెయ్యి పోయేది ఉన్న కన్ను వైపు. ముసలి వెధవని, ఇన్ని నెలలు కొట్టాను, ఆ మాట ఆలోచించలేదు. అయినా గాలిలో పోనిస్తాను, ఆగగలను అనుకున్నాను. నీ కాలు కోసం చూశాను.

నీ కాలు ముందుకి వచ్చింది.

అన్నేళ్ళలో నువ్వు ఒక్కసారి కూడా ముందుకి రాలేదు. నిజంగా కొట్టిన రోజుల్లో కూడా వెనక్కే వేశావు. నీ ముఖం చూశాను. అది వేషం ముఖం కాదు. అద్దెవాడు అక్కడ లేడు. నువ్వే ఉన్నావు. నిన్ను అడగడానికి నాకు ఇంకో మాట దొరకలేదు, "తిన్నావా" అన్నాను. తర్వాత కాళ్ళలో బలం పోయింది. నవ్వించాలని పడలేదు.

కన్ను నీది, నీ ఇష్టం అన్నావు. నిజమే. చెయ్యి నాది. దీంతో ఒక కన్ను తీశాను, తెలియక. రెండోది తెలిసి తియ్యను. నువ్వు నన్ను తిట్టుకో, రాయడం మానెయ్. ఇంతకంటే చెప్పను.

గాన్


షామ్ షుయ్ పో,
ఫిబ్రవరి, కొత్త సంవత్సరం పండగ వెళ్ళాక

గాన్ బావగారికి నమస్కారాలు. నేను లాయ్ క్వాన్‌ని. ఆయన చెబుతుంటే రాస్తున్నాను.

అన్నా, పోయింది. పండగ మూడో రోజు పొద్దున టీ తాగుతున్నాను. ఏదీ తగల్లేదు, తుమ్మలేదు, వంగలేదు. గిన్నె అంచు కనిపించింది, తర్వాత కనిపించలేదు. టీ ఇంకా వేడిగానే ఉంది. అందుకని తాగేశాను.

కాబట్టి నువ్వు ఆపి ఏం కాపాడావని అడుగుదామనుకున్నాను. మూడు నెలల చూపు. దాంట్లో నేనేం చూశానా అని కూర్చుని ఆలోచించాను. సగం రోజులు నీ మీద కోపంతో గోడ చూశాను. ఈవిడ ముఖం చూశాను, అదీ ఎక్కువగా ఏడుస్తున్నప్పుడు. ఏమీ దాచిపెట్టుకోలేదు. దాచుకోవాలని తెలియలేదు.

కోపం పోలేదన్నా. నీతో అబద్ధం చెప్పను. కానీ ఎవరి మీదో ఇప్పుడు సరిగ్గా తెలియడం లేదు.

టీవీలో మన ముక్క మాటిమాటికీ వేస్తున్నారు. నాకు వినిపిస్తుంది. నువ్వు "తిన్నావా" అంటావు, జనం నవ్వుతారు. నా గొంతు అందులో ఉండదు. నేను అక్కడ ఉన్నానా అని ఈవిణ్ణి అడిగితే ఉన్నారంది. ఎలా ఉన్నానని అడిగాను. "నిటారుగా" అంది.

వేళాకోళం ఏదైనా చేద్దామని చూస్తున్నాను. రావట్లేదు. నా ముఖం ఎలా ఉందో నాకే కనిపించనప్పుడు దాని మీద ఏమంటాం?

(బావగారూ, ఇది నా మాట. ఆయన రోజంతా పలకరు. తిండి సరిగ్గా తినరు. మీ ఉత్తరం ఆయనకి రెండుసార్లు చదివి వినిపించాను, ఆయనే అడిగారు. వీలైతే రాయండి. — లాయ్ క్వాన్)


చ్యుంగ్ చావ్,
వానలు మొదలయ్యాక

చోయ్,

ఇది లాయ్ క్వాన్ నీకు చదివి వినిపిస్తుంది. అమ్మా, గట్టిగా చదువు. సిగ్గుపడాల్సిన చోట కూడా ఆగకుండా చదువు.

కన్ను గురించి రాయడానికి మూడు కాగితాలు పాడుచేశాను. వాటిలో చేపలు చుట్టి అమ్మేశాను. అందుకని ఇంకో సంగతి రాస్తున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు. మందుల షాపువాడికి తెలిస్తే నేను దీవి వదిలిపోవాలి.

నీ పుణ్యాన ఇప్పుడు బజారులో నామీద ఎవరూ ఉమ్మట్లేదు. చేపలమ్మే ఆడవాళ్ళంతా "ఓనరుగారూ, తిన్నారా?" అని అరుస్తున్నారు. ఒకామె నన్ను ఆపి చెంప గిల్లింది. డెబ్భై దాటిన మనిషిని!

అది అక్కడితో ఆగలేదు. అన్నం వండే కుక్కర్ల కంపెనీ ఒకటి మనిషిని పంపింది. వాళ్ళ ప్రకటనలో కెమెరా వైపు చూసి "తిన్నావా?" అనాలట, ఒక ముద్ద తినాలట, నవ్వాలట. పొమ్మన్నాను. వాడు లాంచీ మీద మళ్ళీ మళ్ళీ వచ్చాడు. మూడోసారి నాకే ఏం పుట్టిందో, సరే అన్నాను. నువ్వు చేసిన పని నాకు చేతకాదా అని చూద్దామనుకున్నాను.

చేతకాదురా.

స్టూడియోలో నా కనుబొమ్మలు పల్చగా ఉన్నాయని వేరేవి అతికించారు. లైట్ల వేడికి ఒకటి మెల్లగా జారి చెంప మీదికొచ్చింది. సేనాపతి ఒక కన్నుతో ఆశ్చర్యపోతున్నట్టుంది. దాన్ని పట్టించుకోకుండా గంభీరంగా "తిన్నావా?" అన్నాను. ఒక ఆడపిల్ల, "తాతా, బెదిరించకండి, ప్రేమగా అడగండి" అంది. ప్రేమగా అడిగాను. కెమెరా పట్టుకున్నవాడు వెనక్కి జరిగాడు.

తర్వాత అన్నం. మెరవాలని దానికేదో పూశారు, బంకలా ఉంది. ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, నవ్వడానికి నోరు తెరిచాను. నా పై పళ్ళ సెట్టు అన్నంతో పాటు గిన్నెలో పడింది. కెమెరా ఆపలేదు. నేను అన్నం తినే పుల్లలు తీసుకుని నా పళ్ళు నేనే ఏరుకోబోయాను. ఈ కుడి చెయ్యి సంగతి నీకు తెలుసు. పట్టుకున్నాను, జారింది. మళ్ళీ పట్టుకున్నాను, ఎగిరి ఆ ఆడపిల్ల ఒళ్ళో పడింది. ఆ పిల్ల కెవ్వుమని కేక పెట్టింది. నేను లేచి, సేనాపతి వేషంలో వంగినట్టు నడుం వంచి, పళ్ళు లేని నోటితో క్షమాపణ చెప్పాను. నేనేమన్నానో నాకే అర్థం కాలేదు.

హాలంతా నవ్వింది. నిలబడి విన్నాను. ఇన్నేళ్ళూ నువ్వు ఆ చోట నిలబడ్డావని అనుకున్నాను. అక్కడ చాలా చలిగా ఉంటుందిరా, లైట్లు ఎంత వేడిగా ఉన్నా. నేను నిన్ను తిట్టిన మాటలు తిరిగి తీసుకోను, నాకు ఆ అలవాటు లేదు. కానీ ఇది రాయడానికి నాకు వారం పట్టింది, ముఖం మీద నేనే బురద చల్లుకున్నట్టుంది. నువ్వు వారం వారం ఎలా చేశావో.

ఆదివారం లాంచీలో వస్తున్నాను. ఎండుచేప తెస్తాను, కొట్టనిది. నీతో మాట్లాడే పని లేదు, కూర్చుంటాను.

అమ్మా లాయ్ క్వాన్, వీడు ఇది విని నవ్వాడో లేదో నువ్వు నాకు చెప్పు. వాణ్ణి అడగొద్దు. వాడు నటుడు, నా కోసం నవ్వేస్తాడు.

మోక్ గాన్